పసుపు లారీలో ముగ్గురికే చోటు

"అల్మారా రాదట," అన్నాడు మల్లికార్జున్, ఫోన్ జేబులో పెట్టుకుంటూ. "యార్డుల సేటు ఇంకిన్ని బస్తాలు ఎక్కించిండట. నర్సింలు ఇప్పుడే చెప్పిండు. వెనక తలుపు దగ్గర జర జాగ ఉంటదట, గంతే."

వాకిట్లో సామాను మధ్య నిలబడ్డ ముగ్గురు ఆడవాళ్ళూ అల్మారా వైపు చూశారు.

తెల్లవారేసరికే ఇల్లంతా బయటికి వచ్చేసింది. లోపల కాలు పెట్టడానికి సందు లేకుండా కనిపించిన సామాను, ఎండలో పెట్టి చూస్తే ఇంతేనా అనిపించింది అతని భార్య పుష్పలతకు. ఆ అనిపించడం కూడా పక్కింట్లో ఎవరికో అనిపించినట్టుగా ఉంది.

"జర అంటే ఎంత అన్నా?" గోదావరి అడిగింది.

"మంచమంత."

"ఏ మంచం? నవారు మంచమా, మీ పెండ్లి మంచమా?"

"ఫోన్ల చెప్పిండు గోదావరీ. చేతులు చాపి చూపెట్టలేదు."

వాళ్ళ కూతురు రోజా కిసుక్కున నవ్వింది. పదో తరగతి పరీక్షలు అయిపోయినప్పటి నుంచి ఆ పిల్ల నవ్వడానికి ఏదో ఒకటి వెతుక్కుంటూనే ఉంది.

"మల్ల ఒకసారి అడుగు," అంది గోదావరి. "మంచమంత అన్నోడు మంచం కింద జాగ లెక్కల పట్టిండో లేదో."

మల్లికార్జున్ అడగలేదు. బొటనవేలిని చూపుడువేలితో రుద్దుకుంటూ నిలబడ్డాడు. బోధన్ ఫ్యాక్టరీలో చక్కెర పాకం మరిగించే పాన్ దగ్గర పనిచేసిన రోజుల్లో, పలుకు వచ్చిందో లేదో అలా రుద్ది చూసి చెప్పేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆటో నడిపాడు, రైస్‌మిల్లులో కాపలా ఉన్నాడు. వేళ్ళకు మాత్రం ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు పాత దోస్తు మధుకర్ పుణ్యమా అని సాంగ్లీ అవతల ఒక చక్కెర ఫ్యాక్టరీలో మళ్ళీ పాన్ దగ్గర పని దొరికింది. సోమవారం చేరాలి.

సామానుకు విడిగా లారీ మాట్లాడబోతే చెప్పిన కిరాయి విని ఇంటిల్లిపాదీ ఆ పూట అన్నం సగమే తిన్నారు. అప్పుడు ఆలోచన చెప్పింది గోదావరే. నిజామాబాద్ యార్డు నుంచి సాంగ్లీకి పసుపు మోసే లారీలు బోధన్ మీదుగానే పోతాయి కదా, బస్తాల వెనక మన మూటలు వేస్తే ఎవరికి బరువు అని. డ్రైవర్ నర్సింలు సరేనన్నాడు. డ్రైవరు పక్కన క్యాబిన్‌లో ముగ్గురికి చోటు కూడా ఇస్తానన్నాడు, బస్సు ఖర్చు తప్పుతుందని.

ముగ్గురికి.

ఇంట్లో ఉన్నది నలుగురు.

గోదావరి మల్లికార్జున్‌కు ఒక్కగానొక్క చెల్లెలు. మొగుడు భూమేష్ మస్కట్ పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడని తెలిశాక, అత్తగారింట్లో ఇమడలేక ఒక రేకు పెట్టెతో ఈ ఇంటికి వచ్చింది. అప్పుడు రోజాకు పాలపళ్ళు ఊడుతున్నాయి.

గోదావరిని ఇక్కడే ఉంచి పోదామని మల్లికార్జున్ అన్నది పోయిన ఆదివారం. పుష్పలత చాటలోని బియ్యం ఏరడం ముగించి, చివరికి "సరే" అంది. ఆ మాట నోట్లోంచి పోయినప్పటి నుంచి ఆమెకు ఏదీ గట్టిగా తగలడం లేదు. నిన్న వేడి గిన్నె చేతికి అంటుకుంటే బొబ్బ లేచాక గాని తెలియలేదు.

వదిలి పోయే సంగతి గోదావరికి చెప్పిన వాళ్ళు లేరు.

*

అల్మారా పోయింది. ముందు ఇంట్లో ఉండే ఇంటి ఓనరమ్మ సాయవ్వ వచ్చి, దాని తలుపు తీసి వేసి చూసి, "గీ తలుపు ఏడుస్తున్నది బిడ్డా," అంది.

"నూనె ఎయ్యి సాయవ్వా, నవ్వుతది," అంది గోదావరి. "ఊకెనే ఇస్తుంటే వంకలు పెట్టకు."

"ఊకెనే యాడ ఇస్తున్నరు? కరెంటు బిల్లుల పట్టుకొమ్మన్నడు గద మీయన్న."

అల్మారాలోని బట్టలను ఏం చేయాలన్నది ప్రశ్న కాలేదు. గోదావరి దిండ్ల గలీబులు విప్పి, వాటిలోని పాత దూదిని సాయవ్వ గుమ్మం ముందు పోసి, చీరలను చుట్టలు చుట్టి గలీబుల్లో కూరింది. పదిహేను రోజులుగా ఇదే పని ఆమెది. అట్టపెట్టెలు కొననివ్వలేదు. రైస్‌మిల్లు నుంచి గోనెసంచులు తెప్పించింది. బియ్యం డ్రమ్ములో స్టీలు పళ్ళాలు నిలబెట్టి సందుల్లో బియ్యం పోసింది. మిక్సీ గిన్నెలో కందిపప్పు, చెంబులో చింతపండు, బిందెలో రోజా పుస్తకాలు. ఇంట్లోంచి పోయే ఏ గిన్నే ఖాళీగా పోకూడదని ఆమె పట్టుదల. ఖాళీకి కూడా జాగ కావాలె, అంటుంది.

మూటలన్నిటికీ బీడీలు కట్టే రంగు దారం చుట్టింది. వంటింటివాటికి ఎర్ర దారం, బట్టలకు పచ్చ దారం, మల్లికార్జున్ పనిముట్లకు నీలం. అక్కడ దిగగానే ఏ మూట ముందు విప్పాలో తడుముకోకుండా.

"మంచం కోళ్ళు ఊడదీస్తే పట్టదా?" రోజా అడిగింది.

"పడ్తది. కాని అక్కడ ఉన్నది ఒక్కటే అర్ర. మంచం ఏస్తే మనుషులు పొయ్యి మీద పండాలె. కింద పండుకుంటే ఎంతమందైనా పడ్తరు," అంది గోదావరి.

పుష్పలత ఒక గోనెసంచి మూతి కుడుతోంది. సూది ఆగింది. మల్లికార్జున్ నల్లా వైపు నడిచాడు. కాసేపటికి పుష్పలత కూడా బకెట్ తీసుకుని అటు పోయింది.

"చెప్పినవా?" అన్నాడు అతను, గొంతు తగ్గించి.

"నీ చెల్లె. నువ్వు చెప్పు."

"ఆడోళ్ళు ఆడోళ్ళు చెప్పుకుంటే ఒక తీరుగ ఉంటది."

"ఏ తీరుగ ఉంటది?"

అతను నల్లా తిప్పాడు. నీళ్ళు రాలేదు. కట్టేశాడు.

"నేనేమన్న రోడ్డు మీద ఇడిచిపెడుతున్ననా? సాయవ్వ పక్క అర్ర ఇస్త అన్నది. కిరాయి సగం గూడ లేదు. బీడీల కార్డు నడుస్తది, ఆమె చుట్టుకున్నది ఆమె తింటది. అక్కడ బీడీల పని లేదు, ఊకె కూసొని ఏం చేస్తది? నాలుగో మనిషంటే నాలుగో మనిషి ఖర్చే గద. ఒక సీజన్ గడవనీ, తీస్కపోత."

"కార్డు నా పేరు మీద ఉన్నది."

"ఉంటే ఏమాయె? ఇన్నేండ్ల సంది ఇద్దరు చుడుతలేరా ఒక్క కార్డు మీద?"

నిజమే. ఈ వాడలో చాలా ఇళ్ళలో అంతే. కార్డు కోడలి పేరు మీద, చుట్టేది ఇంట్లో ఉన్న ఆడవాళ్ళందరూ. ఆకు, తంబాకు ఆ పేరు మీదే వస్తాయి, ఫండు ఆ పేరు మీదే జమవుతుంది. గోదావరి వచ్చినప్పుడు ఇంకో కార్డు కోసం తిరుగుదామని పుష్పలతే అంది. ఆమె రేపోమాపో మొగుడి దగ్గరికి పోయేదే కదా, కార్డెందుకు అన్నాడు మల్లికార్జున్. రేపోమాపో అంటుండగానే రోజా ఎదిగింది.

"నువ్వే సరే అన్నవ్," అన్నాడు అతను.

"అన్న."

"మరి?"

"అన్న అని చెప్తున్న గద."

బకెట్ ఖాళీగానే ఎత్తుకుని వెనక్కి వచ్చింది.

*

పది దాటాక గోదావరి చివరి బీడీ కట్టలు గంపలో సర్దుకుని కార్ఖానాకు పోయింది. ఎప్పుడూ ఆమే పోతుంది. పుష్పలతకు నడుము నొప్పి. పైగా బీడీలు ఏరి చూసే మేస్త్రితో పుష్పలత మాట్లాడలేదు, గోదావరితో మేస్త్రి మాట్లాడలేడు.

ఆమె లేనంతసేపు ఎవరి పని వాళ్ళు చేశారు. పుష్పలత వంటింటి గూళ్ళు తుడిచింది. తుడిచిన గూటినే మళ్ళీ తుడిచింది. గోడకు మసి మరక ఒకటి రోజా పుట్టకముందు నుంచి ఉంది. అది పోదని తెలిసి దాని జోలికి పోలేదు.

"అమ్మా," అంది రోజా గుమ్మంలో నిలబడి. "క్యాబిన్ల ముగ్గురికే జాగ అన్నడంట నర్సింలు కాక. అత్త ఎట్ల వస్తది మరి? బస్సుకా?"

పుష్పలత గుడ్డ పిండింది.

"ఒక్కతి అంత దూరం బస్సుకు వస్తదా? బార్డర్ అవతల దెగ్లూరు దాటినంక అంత మరాఠే అన్నడు బాపు. అత్తకు రాదు గద."

"నీ పుస్తకాల బిందె మీద గుడ్డ కట్టినవా?"

"అమ్మా."

"దుమ్ము పడ్తది. పో, కట్టు."

రోజా పోలేదు. తల్లి వీపు వైపు చూస్తూ నిలబడింది. ఆ చూపు తెలుస్తూనే ఉంది పుష్పలతకు. కాసేపటికి చెప్పుల చప్పుడు వాకిట్లోకి వెళ్ళింది. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఆ పిల్ల నవ్వు వినబడలేదు.

గోదావరి ఖాళీ గంపతో తిరిగి వచ్చి, అరుగు మీద కూర్చుని, ముఖం తుడుచుకుంది.

"వచ్చే నెల సంది కార్డు మీద ఫోటో ఎవలదుంటే వాళ్ళే రావాలెనంట వదినె. వేరేటోళ్ళు వస్తే ఆకు ఇయ్యరట, బీడీలు తీస్కోరట. ఇన్ని దినాలు చూసీ చూడనట్టు ఊకున్నరు గని, ఇగ నడువదన్నడు మేస్త్రి. నేను గీ మాట అటు తిప్పి ఇటు తిప్పి అడిగిన. నడువదంటే నడువదన్నడు."

మల్లికార్జున్ తాడు ముడి వేస్తున్నవాడు ఆగిపోయాడు.

"వచ్చే నెల మనం ఇక్కడ ఉండం గద అత్తా," అంది రోజా. "మనకెందుకు?"

ఎదురింటి కుక్క సామాను వాసన చూసి పోయింది. సాయవ్వ ఇంట్లో కుక్కర్ కూత వేసింది.

"ఊకెనే అడిగిన," అంది గోదావరి.

ఆమె పుష్పలత వైపు చూడలేదు. పుష్పలత ఆమె వైపు చూడలేదు. తెలుసు, అనుకుంది పుష్పలత. ఈమెకు తెలుసు. ఎప్పటి నుంచి తెలుసు? ఆ ప్రశ్న ఇంకొకరి ఇంటి తలుపు కొట్టినట్టు ఎక్కడో కొట్టి ఆగిపోయింది.

మల్లికార్జున్ ఫోన్ పట్టుకుని వీధి చివరికి పోయాడు. వచ్చాక భార్య పక్కన నిలబడి, గోనెసంచులతో మాట్లాడుతున్నట్టు అన్నాడు.

"మోస్ర ఊరి రాజలింగన్నకు ఫోన్ చేసిన. వానకాలం నాట్లకు మనుషులు దొరుకుతలేరట. చెల్లెను రమ్మంటున్నడు."

రాజలింగు అతని పెదనాన్న కొడుకు. పోయిన బతుకమ్మకు గోదావరి వాళ్ళింటికి పోతే, రాజలింగు భార్య ఆమెకు పశువుల కొట్టం పక్కన చాప వేసింది. గోదావరి వచ్చి ఆ సంగతి నవ్వుతూ చెప్పింది. బర్రెకన్న నేనే మంచిగ పండుకున్న వదినె, అది రాత్రంత దగ్గుకుంటనే ఉన్నది, అని.

"ఆమె నడుం వంచి నాటు ఎన్నడేసింది?" అంది పుష్పలత.

"నేర్చుకుంటది."

*

పొయ్యి అప్పటికే మూటలో ఉంది. పొద్దున వండిన అన్నంలో పచ్చిపులుసు పోసుకుని, పళ్ళాలు కూడా కట్టేయడం వల్ల విస్తరాకుల్లో తిన్నారు. సాయవ్వ ఒక గిన్నెలో పప్పు తెచ్చి మధ్యలో పెట్టి, తనూ చతికిలబడింది.

"కొత్తింట్ల దిగంగనే పాలు పొంగియ్యాలె. మరువకుండ్రి," అంది. "ఎంత కిరాయి ఇల్లైనా సరే. ఆడిబిడ్డ చేతుల మీదనే కావాలె. మా తమ్ముడు ఆదిలాబాద్‌ల..."

అంటూనే ఆమె ఆగింది. మల్లికార్జున్ ముఖం చూసింది, తర్వాత గోదావరి ముఖం చూసింది. "పప్పుల ఉప్పు తక్కువైంది," అని లేచి, ఉప్పు తేవడానికి పోయిన మనిషి మళ్ళీ రాలేదు.

"ఉప్పు సరిపోయింది," అంది గోదావరి.

అందరూ తిన్నారు. పుష్పలత కూడా తింది. రెండోసారి వడ్డిస్తే అది కూడా తింది. కడుపు నిండిందో లేదో తెలియలేదు.

*

లారీ వీధి మలుపు తిరగకముందే వాసన వచ్చింది. ఎండిన పసుపు కొమ్ముల వాసన. నర్సింలు కిందికి దూకితే అతని చొక్కా, కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు అన్నీ పచ్చగా ఉన్నాయి.

"పెండ్లికొడుకు వచ్చిండు," అంది గోదావరి.

"అక్కా, నువ్వు ఎన్నన్న అను. జల్ది ఎక్కించుండ్రి. పొద్దుమూకెటాళ్ళకు బార్డర్ దాటాలె."

వెనక తలుపు తీస్తే నిజంగానే మంచమంత జాగ ఉంది. మంచం కింద జాగతో సహా కాదు. గోదావరి చీర కొంగు నడుముకు దోపి పైకెక్కి నిలబడింది. బియ్యం డ్రమ్ము మూలకు, గ్యాస్ పొయ్యి దాని మీద బోర్లా, గలీబుల మూటలు సందుల్లోకి. ఆమె చెయ్యి చాపిన చోట మల్లికార్జున్ పెట్టాడు, రోజా అందించింది. వాళ్ళు కదిలినప్పుడల్లా బస్తాల మీది పొడి లేచి వాళ్ళ మీద పడింది. కాసేపటికి నలుగురి చేతులూ ఒకే రంగులోకి వచ్చాయి.

చివర రేకు పెట్టె మిగిలింది. గోదావరి ఈ ఇంటికి తెచ్చుకున్న పెట్టె. దాన్ని ఆమే ఎత్తి, మూటల మీద పెట్టి, కిందికి దిగింది.

నర్సింలు తలుపు మూయబోయాడు. గొళ్ళెం అందలేదు. భుజంతో నెట్టాడు. అందలేదు.

"ఒక్కటి దించాలె మల్లన్నా. ఏదో ఒకటి."

మల్లికార్జున్ లోపలికి చూశాడు. అన్నిటికీ దారాలు ఉన్నాయి, ఎర్రవి, పచ్చవి, నీలానివి. రేకు పెట్టెకు లేదు. అతని చెయ్యి దాని మీదికే పోయింది.

"గీ పెట్టె..." అన్నాడు. "గిది తర్వాత పంపిద్దాం. ఇంకో లారీల."

"అది దించకు అన్నా," అంది గోదావరి.

అతను చెల్లెలి వైపు తిరగలేదు. "ఎక్కువ దినాలు కాదు గోదావరీ. ఒక్క సీజన్. నేను నీతోని చెప్దామనే..."

"పెట్టె నాదే గని, అందులున్నది నాది కాదు. అందుల మీ దుప్పట్లు ఉన్నయ్. అక్కడ చలి ఎక్కువుంటదని మధుకరన్న అన్నడు గద. గోనెసంచిల పెడితే చినుకు పడితే తడుస్తయని పెట్టెల పెట్టిన. నావి సాయవ్వ పక్క అర్రల పెట్టుకున్న, మొన్ననే." ఆమె గొంతులో ఎత్తుపల్లాలు లేవు. "నవారు కట్ట దించు. అది లేకున్నా నడుస్తది."

మల్లికార్జున్ చెయ్యి పెట్టె మీదే ఉండిపోయింది.

"ఎవరు చెప్పిండ్రు నీకు?" అన్నాడు చివరికి.

"ఎవరు చెప్పలే. పక్క అర్ర కిటికీకి జాలి కొట్టియ్యాల్నా, దోమలస్తయి అని సాయవ్వ అడిగింది. నేను కొట్టియ్యమన్న."

నర్సింలు బీడీ తీసి, వెలిగించకుండా చేతిలో పట్టుకుని, టైర్లు చూడటానికి ముందుకు పోయాడు.

నవారు కట్ట దించితే తలుపు పడింది. గొళ్ళెం చప్పుడు వీధంతా వినిపించింది.

గోదావరి ఇంట్లోకి పోయి ఒక స్టీలు గిన్నె తెచ్చింది. కొత్తది. మీద తెల్లటి గుడ్డ కట్టి ఉంది. దాన్ని పుష్పలత చేతుల్లో పెట్టింది.

"ఇది మూటల ఎయ్యకు వదినె, ఒడిల పట్టుకో. అందుల చక్కెర ఉన్నది, అగ్గిపెట్టె ఉన్నది, గుప్పెడు బియ్యమున్నయ్. దిగంగనే పాల ప్యాకెట్ ఒకటి తెచ్చుకుంటే అయిపాయె. నువ్వే పొంగియ్యి. ఏం కాదు."

గిన్నె అంత బరువు లేదు. అయినా పుష్పలత రెండు చేతులతో పట్టుకుంది. గుడ్డ చుట్టూ కట్టిన దారం ఎర్రది. వంటింటిది.

రోజా క్యాబిన్ మెట్టు మీద కూర్చుని మోకాళ్ళలో తల దాచుకుంది.

"ఎక్కుండ్రి ఇగ," అన్నాడు నర్సింలు ముందు నుంచి.

పుష్పలత గిన్నెతో లారీ వైపు నాలుగు అడుగులు వేసింది. అక్కడ ఆగింది. ఇంటి వైపు చూసింది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఏమీ లేదు. తుడిచిన నేల మీద కిటికీలోంచి ఎండ పడింది. ఆ ఎండలోకి పోయి కూర్చోవాలనిపించింది ఆమెకు. ఆదివారం తర్వాత ఏదైనా అనిపించడం అదే మొదటిసారి.

వెనక్కి వచ్చి గిన్నె గోదావరి చేతుల్లో పెట్టింది.

"నువ్వెక్కు."

"ఏంది?"

"కార్డు మీద ఫోటో నాది. ఆకు నాకే ఇస్తరు. నువ్వు ఉంటే ఇక్కడ ఏం పని ఉన్నది నీకు? నేనుంట."

మల్లికార్జున్ దగ్గరికి వచ్చాడు. "ఏం మాట్లాడుతున్నవ్ పుష్పా?"

"నువ్వు చెప్పిందే. కార్డు నడుస్తది. నేను చుట్టుకున్నది నేను తింట. పక్క అర్ర కిరాయి సగం గూడ లేదు. క్యాబిన్ల ముగ్గురికి జాగ సరిపోతది. ఖర్చు ఎక్కువ కాదు గద."

ఆమె కోపంగా అనలేదు. సరుకులు చదివి చెప్పినట్టు చెప్పింది. మల్లికార్జున్ బొటనవేలిని చూపుడువేలితో రుద్దుకున్నాడు.

"పెండ్లామును ఇడిచిపెట్టి చెల్లెను తోల్కపోతే నలుగురు ఏమనుకుంటరు?"

"చెల్లెను ఇడిచిపెట్టి పోతే ఏమనుకుంటరో, గది అనుకున్నవా?"

"అమ్మా," అంది రోజా, తల ఎత్తి.

"అత్త నాకన్న మంచిగ వండుతది. నీకు తెలుసు."

గోదావరి నవ్వింది. ఆ నవ్వు పొద్దుటిది కాదు.

"నేనడిగిన్నా వదినె నిన్ను? నీ కాళ్ళ మీద పడ్డనా?"

"లేదు."

"మరి నాకెందుకు పెడుతున్నవ్ గీ దానం?"

"దానం కాదు."

"మరేంది? ఇన్నేండ్లు నీ పేరు మీద చుట్టిన. వేళ్ళు నావి, పేరు నీది. ఏనాడన్న నోరు తెరిచిన్నా? ఇగ ఇప్పుడు నీ జాగల కూసొని, నీ మొగనికి నీ బిడ్డకు వండి పెట్టుకుంట, అది గూడ నీ పేరు మీదనే బతకాల్నా?"

పుష్పలత నోరు తెరిచింది. చెప్పడానికి ఏదో ఉంది. నీ కోసం కాదు గోదావరీ, నా కోసం అని. ఆ ఖాళీ అర్రలో కూర్చుంటే మళ్ళీ ఏమైనా తగులుతుందేమో చూద్దామని. అలాంటి మాట ఎవరితోనైనా ఎలా అంటారో ఆమెకు తెలియదు.

"ఆదివారం నేను సరే అన్న," అంది. "నిన్ను ఇడిచిపెట్టి పోదామంటే, సరే అన్న."

గోదావరి గిన్నె మీది దారం ముడి తడిమింది.

"మాయన్న ఒక్కడే అనిండనుకున్న," అంది. "నువ్వు ఊకున్నవనుకున్న. గంతే అనుకున్న."

నర్సింలు హారన్ కొట్టాడు, గట్టిగా కాదు, గుర్తు చేయడానికి.

పుష్పలత ఇంటి వైపు పోయింది. అరుగు పక్కన మిగిలిపోయిన చాట ఉంది. ఎవరి మూటలోకీ పోని చాట, కత్తెర, నిన్నటి బీడీ ఆకు కట్ట ఒకటి. వాటిని తీసుకుని లోపల ఎండపొడ పడ్డ చోట చతికిలబడి, చాట ఒళ్ళో పెట్టుకుంది. ఆకు తడి ఆరిపోయి పెళుసుగా ఉంది. నానబెట్టాలి. నీళ్ళు లేవు, బిందెలో పుస్తకాలు ఉన్నాయి. అయినా ఒక ఆకు తీసి కత్తిరించింది. అంచులు విరిగిపోయాయి. ఇంకోటి తీసింది.

బయట ఏవో మాటలు వినిపించాయి. మల్లికార్జున్ గొంతు ఒకసారి పైకి లేచి తగ్గింది. రోజా ఏడుపో, పిలుపో తెలియలేదు. లారీ ఇంజను మొదలైంది. కిటికీ ఊచలు చిన్నగా అదిరాయి.

క్యాబిన్ తలుపు పడిన చప్పుడు. ఒక్కసారే.

పుష్పలత తల ఎత్తలేదు. ఇంజను మోత వీధిలోనే ఉంది, ముందుకు పోవడం లేదు, ఆగడం లేదు. ఆమె ఆకు మీద కత్తెర ఆనించి ఉంచింది.

అప్పుడు ఆమె వెనక, గడప మీద స్టీలు గిన్నె పెట్టిన చప్పుడైంది. "ఆకు నానకుండ కత్తిరిస్తరా వదినె?" అంది గోదావరి.